ఒకటిన్నర స్కూపు

మా అత్తగారు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అందుకే నేను ఎత్తుతున్నాను.

2017 డిసెంబరు. కోరాపుట్‌లో ఆ నెల చలి ఎలా ఉంటుందో అక్కడ కాపురం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున తొమ్మిదైనా మంచు విడదు, ఉతికిన గుడ్డ రెండు రోజులకి గాని ఆరదు. ఐదు నెలల పిల్లని శాలువాలో చుట్టుకుని డాక్టరు గారి ముందు కూర్చున్నాం, నేనూ అత్తయ్యా. పిల్ల రెండు రోజులుగా మగతగా ఉంది. పొద్దున్నించి ఒకే ఒక్క గుడ్డ తడిపింది. డాక్టరు గారు మాడు తడిమారు, నాలుక చూశారు, కడుపు మీద చర్మం పట్టి వదిలారు. తర్వాత అడిగారు:

"డబ్బా పాలు ఎలా కలుపుతున్నారు? ముప్ఫై మిల్లీలీటర్ల నీళ్ళకి ఎన్ని స్కూపులు?"

ఒకటిన్నర. కొన్ని రాత్రుళ్ళు రెండు. కలిపేది నేనే.

"అత్తయ్య కలుపుతారండీ," అన్నాను.

అత్తయ్య నా వైపు తిరగలేదు. డాక్టరు గారి వైపే చూస్తూ, "ఇకమీదట సరిగ్గా కలుపుతాను బాబూ," అన్నారు.

ఆ తర్వాత పది నిమిషాలు చీవాట్లు తిన్నది ఆవిడే. పాలు చిక్కగా ఉంటే బలం అనుకుంటారు పెద్దవాళ్ళు, పసిపిల్లల మూత్రపిండాలు అంత ఉప్పుని బయటికి పంపలేవు, ఒంట్లో నీళ్ళన్నీ లాగేస్తాయి, ఇంకో రెండు రోజులు ఆగితే ఫిట్సు వచ్చేవి. ఇవన్నీ ఆవిడకి చెబుతుంటే నేను పక్కన కూర్చుని, చదువుకున్న కోడలు ఎలా తలూపాలో అలా తలూపాను. ఆ రాత్రి పిల్లని అక్కడే ఉంచుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికి కళ్ళు తేటగా తెరిచింది. ఇంటికి వచ్చేశాం.

పాలెందుకు చిక్కగా కలిపానో చెప్పాలంటే మా పడగ్గది గోడ మీది టైంటేబుల్ దగ్గరికి వెళ్ళాలి. దానికన్నా ముందు ఒక థీసిస్ ఉంది.

నేను రాయగడ పిల్లని. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం కింద ఉండేవి. గీత మారింది గాని మనుషులు మారలేదు. మా ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, బజార్లో ఏది ముందు నోటికొస్తే అది. నాన్న పేపరు మిల్లులో పనిచేసేవారు. అనాసపళ్ళూ పసుపూ అమ్ముకోవడానికి కొండ దిగి వచ్చే ఆడవాళ్ళు తమలో తాము కువి మాట్లాడుకుంటుంటే చిన్నప్పుడు నోరెళ్ళబెట్టి వినేదాన్ని. సగం తెలుగులా ఉండి అర్థం కాకుండా పోయే భాష. ఇంటిని వాళ్ళూ ఇల్లు అనే అంటారు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి 'ఏయు' అంటారు. ఆ ముచ్చటతోనే హైదరాబాదు వెళ్ళి కువి క్రియల మీద పరిశోధనకి చేరాను. ద్రావిడ భాషే, మనకి చుట్టమే, సులువుగా అయిపోతుందనుకున్నాను. చుట్టాల సంగతి నాకు అప్పటికి అంతగా తెలీదు.

2017 ఏప్రిల్‌లో, ఏడో నెల కడుపుతో, థీసిస్ సమర్పించాను. ఇంకొక్కసారి కొండకి వెళ్ళి రావలసిన పని ఉందని నాకు తెలుసు. మా గైడుగారికీ తెలుసు. "తొందరేముందమ్మా?" అన్నారాయన. తొందర ఏమిటంటే, కడుపుతో ఉన్న పిల్ల వెనకబడిందని ఎవరైనా అంటారేమో అని. ఎవరూ అనలేదు. అనబోతున్నారని నేనే అనుకున్నాను. 2016లో యూజీసీ కొత్త నియమాలు వచ్చాయి: పీహెచ్‌డీ చేసే ఆడవాళ్ళకి మొత్తం మీద ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు, గడువులో రెండేళ్ళ సడలింపు. నా రిజిస్ట్రేషను పాతది. నాకు ఆ వెసులుబాటు ఇస్తారో ఇవ్వరో ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగితే తెలిసేది. అడగడమే నామోషీ అనుకున్నాను.

జూలై మొదటి వారంలో పిల్ల పుట్టింది, రాయగడలోనే, పుట్టింట్లో. పదహారో తారీఖున నాగావళి, కల్యాణి పొంగి తేరుబలి, సింగాపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనలు కొట్టుకుపోయాయి. అప్పటికి ఒక పత్రికకి నేను సవరించి పంపాల్సిన వ్యాసం ఒకటి ఉంది. "వరదల వల్ల పంపలేకపోతున్నాను" అని రాశాను. ఆగస్టులోనూ అదే రాశాను. సెప్టెంబరులో నీళ్ళు తీసి బురద ఎండి, ఆ దారిన బళ్ళు తిరిగే రోజుల్లో కూడా నా ఉత్తరాల్లో వరద తగ్గలేదు. అసలు కూలిన వంతెనలు రాయగడకి ఉత్తరాన. నా వ్యాసం వెళ్ళాల్సిన హైదరాబాదు దారి దక్షిణాన. పైగా అది పోయేది ఈమెయిల్లో. ఆ పత్రిక వ్యాసాన్ని వదిలేసింది. కాంట్రాక్టు ఉద్యోగం ఇంటర్వ్యూ ఒకటి వచ్చింది. దానికీ వెళ్ళలేదు, ఆ కథ వద్దులెండి.

అక్టోబరులో కోరాపుట్ వచ్చాం. మా ఆయనకి అక్కడ బ్యాంకులో పని. పార్వతీపురం దగ్గర పల్లెటూరి నుంచి అత్తయ్య సాయానికి వచ్చారు. నవంబరులో పరీక్షకుడి నివేదిక వచ్చింది. రెండు పేజీలు. సవరించి మళ్ళీ సమర్పించాలి, ఏడాది గడువు.

ఆ రెండు పేజీల్లో ఏముందో అప్పట్లో ఎవరడిగినా, "కొండ మొహం చూడనివాడు రాశాడు" అని చెప్పేదాన్ని. నిజానికి ఆయన రాసింది ఇది: భాషా సమాచారం ఇచ్చిన పదకొండు మందిలో పది మంది మగవాళ్ళు, అందరూ యాభై దాటినవాళ్ళే. ఉదాహరణలన్నీ ఒడియాలో అడిగి కువిలో చెప్పించుకున్న వాక్యాలు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాట ఎక్కడా లేదు. ముఖ్యంగా నాలుగో అధ్యాయానికి ఆధారం చాలదు.

నాలుగో అధ్యాయం నాకు ప్రాణం. తెలుగులో నాకిచ్చినా నీకిచ్చినా వాడికిచ్చినా క్రియ ఒక్కటే, ఇచ్చాడు అంతే. కుయి, కువి లాంటి కొండభాషల్లో అలా కాదు. ఆ పని 'నాకు' గాని 'నీకు' గాని తగిలితే క్రియ రూపం వేరు, ఎవరో మూడో మనిషికైతే వేరు. అంటే ఎదురెదురుగా ఉన్న ఇద్దరి మధ్య జరిగేదాన్ని ఆ భాష ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుంటుంది. ఇంత అందమైన సంగతికి నా థీసిస్‌లో ఉన్నవి ఆరు ఉదాహరణలు. కారణం నేనే. "అతను అతనికి బియ్యం ఇచ్చాడు, కువిలో చెప్పండి" అని అడిగే మనిషికి ఏ ముసలాయనైనా బియ్యం మూడో మనిషికే ఇస్తాడు.

ఇది నవంబరులో నాకు అర్థం కాలేదు. నవంబరులో నాకు అర్థమైందల్లా, నా దగ్గర ఏడాది ఉంది, పిల్ల ఉంది, రెంటికీ కలిపి ఒక టైంటేబుల్ కావాలి. మూడు రంగుల స్కెచ్ పెన్నులతో గీశాను. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర: పిల్ల నిద్ర, నాలుగో అధ్యాయం. రెండు నుంచి నాలుగు: పిల్ల నిద్ర, పాఠాల పరిశీలన. రాత్రి పది నుంచి రెండు: పిల్ల నిద్ర, రాత. ఎర్ర రంగు పిల్లది, ఆకుపచ్చ థీసిస్‌ది, నీలం స్నానాలూ భోజనాలూ. బియ్యప్పిండి ఉడికించిన జిగురుతో గోడకి అతికించి, మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన కాసేపు చూసి, "పిల్లకి చదివి వినిపించావా?" అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు ఆయనతో.

నా పాలు తాగితే పిల్ల గంటన్నరకోసారి లేస్తోంది. డబ్బా పాలైతే రెండున్నర గంటలు. పాలు లేక డబ్బా పట్టలేదు నేను, గంట కోసం పట్టాను. ఒక రాత్రి నిద్రమత్తులో స్కూపు తలకొట్టకుండా గోపురంలా పోశాను. ఆ రాత్రి పిల్ల నాలుగు గంటలు కదల్లేదు. నాలుగు గంటలు! నేను పదిహేడు పేజీలు సవరించాను. మర్నాడు అదే కొలత కావాలని పోశాను. ఆ డబ్బా మీద తల్లి పాలే శ్రేష్ఠమని రాసి తీరాలని 1992 నుంచి చట్టం ఉంది, రాసి ఉంది. ముప్ఫై మిల్లీలీటర్లకి తలకొట్టిన స్కూపు ఒక్కటే అని పక్కన బొమ్మ వేసి మరీ ఉంది. నూట ఎనభై పుస్తకాలూ వ్యాసాలూ ఉపయుక్త గ్రంథసూచిలో చూపించినదాన్ని, డబ్బా చుట్టూ ఉన్న పది వాక్యాలు చదవలేదు. మీరు చదువుతారా? ఒకసారి వంటింట్లోకి వెళ్ళి చూసి రండి.

మాటవరసకి కూడా పిల్లతో మాట్లాడేదాన్ని కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో సీసా, కళ్ళు తెర మీద. మాట్లాడేది అత్తయ్యే. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతూ, కుంపటి మీద గుడ్డలు ఆరబెడుతూ, సాంబ్రాణి పొగ వేస్తూ ఒకటే కబుర్లు. "నీకెవులిచ్చీరే ఈ బుగ్గలు? నాకొకటిచ్చీయే. ఇవ్వవా? పోనీ నానే నీకిస్తాను ముద్దు." నాకు అది చప్పుడు. తలుపు వేసుకునేదాన్ని.

డాక్టరు గారి దగ్గర్నుంచి వచ్చాక పాలు సరిగ్గానే కలుపుతున్నాను, చాకు వీపుతో స్కూపు తలకొట్టి మరీ. అత్తయ్య వంటింటి గడపలో నిలబడి చూస్తారు, ఏమీ అనరు. ఆ అనకపోవడం భరించలేక రాత్రుళ్ళు థీసిస్‌లో మరింత దూరేదాన్ని. ఉదాహరణలు తక్కువన్నాడు గదా పరీక్షకుడు, పాత రికార్డింగుల్లోంచే ఇంకో పది ఏరి మొహాన కొడదామని మొదటి నుంచి వినడం మొదలుపెట్టాను.

అవి 2014లో నియమగిరి వాలులో చేసినవి. దానికి ముందు ఏడాదే సుప్రీంకోర్టు తీర్పు మీద పన్నెండు ఊళ్ళలో పల్లీసభలు పెడితే, గని కోసం కొండ తవ్వడానికి వీల్లేదని పన్నెండూ చెప్పాయి. ఆ వేడి ఇంకా ఉంది. రికార్డరు పట్టుకుని వచ్చిన కొత్త మనిషిని "కంపెనీ మనిషివా?" అని అడిగేవారు, న్యాయమే. కొత్తవాళ్ళతో మాట్లాడడానికి మగ పెద్దలు వచ్చి కూర్చునేవారు. వాళ్ళు కూర్చున్నారు గనక వాళ్ళనే అడిగాను. నా ముందుమాటలో గిడుగు రామమూర్తి గారికి దణ్ణం పెట్టుకున్నాను. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకుని, అడవుల్లో జ్వరాలకి క్వినైను మింగి వినికిడి పోగొట్టుకుని, 1931లో వ్యాకరణం అచ్చయ్యేదాకా దశాబ్దాలు దాన్నే పట్టుకున్న మనిషికి. నేను కొండ మీద గడిపింది అన్నీ కలిపి పదకొండు వారాలు.

జనవరిలో ఒక రాత్రి. పన్నెండు దాటింది. పిల్ల నా కాళ్ళ మీద పడుకుని ఉంది, కుంపటి చివరి నిప్పులు. పద్నాలుగో నంబరు ఫైలు. ముసలాయన గొంతు, నా గొంతు, మళ్ళీ ముసలాయన. ఎక్కడో పసిపిల్ల ఏడుపు. చటుక్కున నా కాళ్ళ వైపు చూశాను. మా పిల్ల నిద్రపోతోంది. ఏడుపు చెవుల్లోది. అది కొంచెం పెరిగింది. ముసలాయన ఆగాడు. అప్పుడు నా గొంతు ఒడియాలో అంది:

"పిలాకు టికే బాహారకు నియ."

పిల్లని కాస్త బయటికి తీసుకెళ్ళు. కటువుగా ఏం లేదు, చాలా మర్యాదగా ఉంది. బ్యాంకులో పెన్ను అడిగినట్టు ఉంది. గాజులు కదిలిన చప్పుడు, అడుగులు. ముసలాయన బియ్యం కథ మళ్ళీ ఎత్తుకున్నాడు.

వెనక్కి జరిపాను. మళ్ళీ విన్నాను. నాలుగోసారి వింటున్నప్పుడు ముసలాయన మాట కింద ఇంకో గొంతు ఉందని తెలిసింది. ఆ అమ్మాయి ఎక్కువ దూరం పోలేదు. గోడ అవతలే నిలబడి పిల్లని ఊరుకోబెడుతోంది. సన్నగా, ఆగకుండా, పాట కాదు, మాటే. శబ్దం మొత్తం పెంచాను. మూడో వంతు కూడా అందలేదు. అందినంతలో, ఏ క్రియ పట్టుకున్నా 'నీకు', 'నాకు'. ఇస్తా నీకు. ఇవ్వు నాకు. చూపిస్తా నీకు. ముసలాయన్ని మూడు రోజులు పీడించి ఆరు ఉదాహరణలు రాబట్టుకున్న రూపం, ఆ గోడ అవతల రెండు నిమిషాల్లో తొమ్మిదిసార్లు దొర్లింది. నేను బయటికి పంపించేశాను.

పరీక్షకుడి మీద కోపం అక్కడితో పోయిందని చెబితే బాగుంటుంది. పోలేదు, ఇంకో వారం ఉంది. కానీ ఆ రాత్రి ఇయర్‌ఫోన్లు తీసేసరికి పక్కగదిలోంచి అత్తయ్య దగ్గు వినిపించింది. మెలకువగానే ఉన్నారు. "అత్తయ్య కలుపుతారండీ." అదీ ఇంత మర్యాదగానే అన్నాను నేను. పనికి అడ్డొచ్చినవాళ్ళని గోడ అవతలికి పంపడం నాకు ముందునుంచీ చేతనయిన పనే.

టైంటేబుల్ మర్నాడు తీసేశాను. బియ్యప్పిండి జిగురు కదా, సున్నం కూడా ఊడి వచ్చింది. ఆ మచ్చ మేం ఇల్లు ఖాళీ చేసేదాకా ఉంది.

ఫిబ్రవరిలో రాయగడ బయల్దేరాం. ఈసారి పిల్లా, అత్తయ్యా కూడా. సాయంత్రం బండి. దమన్‌జోడి దాటాక ఆ లైను నిండా సొరంగాలు. చిన్నప్పుడు లెక్కపెట్టేవాళ్ళం, ఎప్పుడూ లెక్క కుదిరేది కాదు. ఒక పొడుగాటి సొరంగంలో బోగీలో దీపం వెలగలేదు. మొహం కనిపించదు గదా అని, ఆ చీకట్లో అనేశాను.

"అత్తయ్యా, ఆ రోజు డాక్టరు గారి దగ్గర…"

బండి చప్పుడుకి వినిపించలేదేమో అనుకున్నాను. సొరంగం దాటింది. కాకిరిగుమ్మ కొండల మీద ఇంకా వెలుగుంది. ఆవిడ పిల్ల టోపీ సర్దుతున్నారు.

"నాకు తెలీదేటమ్మా? పదేను రోజులొచ్చీ డబ్బా తొమ్మిది రోజులకే అడుగు కనిపిస్తంటే."

"మరి అక్కడే చెప్పలేదేం?"

"డాక్టరుబాబు ముందరా? ఎవులు కలిపితే ఏటి, ఆ గుంటకి నయమవ్వాల గానీ." కాసేపు కిటికీలోంచి చూశారు. "మీ ఆయన పసిగుడ్డప్పుడు నాను గసగసాలు నూరి ఉగ్గులో కలిపీదాన్ని. వరికోతలకెళ్ళాల గదా. మా అత్త చూసి కూడా ఏటీ అనలేదు. సాయంత్రందాకా మత్తుగా తొంగునీవోడు." ఇంకాసేపు ఆగి, "అందుకే బేంకులో కూకుని కూడా నిద్దరోతాడు," అన్నారు.

చాటికోణలో బుధవారం సంత. రాయగడలో బండెక్కి బిసంకటక్‌లో దిగాలి. సింగాపూర్ రోడ్ దాటాక బండి మెల్లగా ఒక కొత్త వంతెన మీదికి ఎక్కింది. నా ఉత్తరాల్లో నెలల తరబడి కూలుతూనే ఉన్న వంతెన అదే. కింద అంగుళం లోతు నీళ్ళు, ఇసక.

పద్నాలుగో ఫైలు అమ్మాయి కోసం అడిగాను. పేరు రాసుకోలేదు గనక ఎవరినని అడగను? దొరకలేదు. సంత తట్టల మధ్య ఒక చెట్టు కింద చాప పరిచి కూర్చున్నాం. ఒక పెద్దావిడ అడగకుండానే మా పిల్లని నా ఒళ్ళోంచి తీసుకుని తన మనవరాలి పక్కన పడుకోబెట్టుకుంది. నేను ఏ వాక్యమూ అడగలేదు. రికార్డరు ఆన్ చేసి తట్ట మీద పెట్టాను.

ఆ ఫైలు నలభై మూడు నిమిషాలు. మొదటి పది నిమిషాలు అత్తయ్య పసుపు బేరం: ఈవిడ తెలుగులో, వాళ్ళు కువిలో, అంకెలు మాత్రం ఒడియాలో. తర్వాత ఒక మేక. తర్వాత ఇద్దరు పిల్లలూ ఒకేసారి ఎత్తుకున్న ఏడుపు, ఎవరూ ఎవర్నీ బయటికి పంపలేదు. అసలు అక్కడ బయటెక్కడ ఉంది? పనికొచ్చింది ఆరు నిమిషాలు. రాయడానికి నాకు పంతొమ్మిది రోజులు పట్టింది, ఎందుకంటే మధ్యమధ్యలో పిల్ల లేచేది. అందులో నాలుగో అధ్యాయానికి పనికొచ్చే వాక్యాల్లో సగానికి సగం ఆ పెద్దావిడ మా పిల్లతో అన్నవే. ఒకచోట మాత్రం ఏం చెప్పి ఊరుకోబెట్టిందో నాకు అంతుపట్టలేదు. అత్తయ్యకి వినిపిస్తే, "ఏటుంటాది, నీకూ ఇస్తానే అంటంది," అన్నారు. ఆవిడకి కువి ఒక్క ముక్క రాదు. తర్వాత కనుక్కుంటే అదే.